చిన్న ఓడ, గొప్ప వేగము

ద్వారకా తిరుమలకు సమీపమున ఉన్న ఒక గ్రామము నుండి ఒక తల్లి మా కేంద్రమునకు ఉత్తరము వ్రాసినారు. వారి కుమారుడు నౌకాదళములో నావికుడు. కొంతకాలము పెద్ద యుద్ధనౌకలో పనిచేసి, ఇటీవల ఒక చిన్న వేగనౌకకు మారినాడట. "కొండ మీదికి వెళ్లి చినవెంకన్నకు మొక్కుకుని వచ్చానండీ. అయినా మనసు కుదుటపడలేదు. ఓడ పెద్దదైతే భద్రం కాదాండీ? అంత చిన్న ఓడతో సముద్రంలో ఏం చేస్తారు? మీ రేడియోలో ఎవరైనా కాస్త చెప్పించండి" అని ఆ తల్లి అడిగినారు.

ప్రశ్న సామాన్యముగా కనిపించును. కాని ఓడలు నిర్మించు నిపుణులు నూరేండ్లకు పైగా తర్కించుచున్నది ఈ ప్రశ్ననే. కావున నేటి ప్రసంగములో శీఘ్రదాడి నౌకలను గూర్చి, అనగా ఇంగ్లీషులో ఫాస్ట్ అటాక్ క్రాఫ్ట్ అని పిలువబడు చిన్న యుద్ధనౌకలను గూర్చి, నేను తెలిసికొన్నది శ్రోతలకు మనవి చేసెదను.

చిన్న ఓడ ఏమి చేయగలదన్న సందేహము 1967వ సంవత్సరములోనే తీరిపోయినది. ఆ యేడు అక్టోబరు 21వ తేదీన ఈజిప్టుకు చెందిన చిన్న క్షిపణి పడవలు పోర్ట్ సయీదు రేవును విడువకుండనే ఇజ్రాయెల్ వారి డిస్ట్రాయర్ నౌక ఐలాట్‌ను ముంచివేసినవి. ఆ నౌకలో 47 మంది మరణించిరి. ఆ పడవల బరువు నూరు టన్నులకు లోపు. మునిగిన నౌక అంతకు ఇరువది రెట్లకు పైబడినది. ఆనాటి నుండి ప్రపంచములోని నౌకాదళములన్నియు ఈ చిన్న పడవల వైపు దృష్టి త్రిప్పినవి.

మన దేశము కూడ అట్టి పడవలను సోవియట్ యూనియన్ నుండి తెప్పించుకొన్నది. 1971లో వర్తకనౌకల మీద సరకువలె వచ్చిన ఈ క్షిపణి పడవలు కలకత్తా రేవులో దిగినవి. అంత బరువైన వస్తువును ఎత్తి నీటిలో దింపగల క్రేను అచ్చట ఉండెను. అచ్చటి నుండి వానిని బొంబాయికి పెద్ద నౌకలు లాగుకొని పోయినవి. ఏలూరు కాలువ గట్టున మనుష్యులు తాడు పట్టి సరకు పడవలను లాగుట మన పెద్దలు ఎరుగుదురు. అట్లే ఈ యుద్ధపు పడవలును ఒకరి వెంట కట్టుబడి మన తూర్పు తీరమును చుట్టి పోయినవి. వాని బలమును, బలహీనతయు ఆ ఒక్క ప్రయాణములోనే కనిపించుచున్నవి. అవి మిక్కిలి వేగము కలవి. కాని దూరప్రయాణమునకు వాని ఇంధనము చాలదు.

ఆ యేడు డిసెంబరు 4వ తేదీ రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అను మూడు పడవలు, కిల్టాన్, కచాల్ అను రెండు పెద్ద నౌకలు తోడు రాగా, కరాచీ రేవును సమీపించినవి. దళమునకు నాయకుడు కమాండర్ బబ్రూభాన్ యాదవ్. పడవలు పగలు శత్రువిమానములకు అందకుండ దూరమున నిలిచి, చీకటి పడిన పిమ్మట ముందుకు సాగినవి. నిర్ఘాత్ క్షిపణులతో డిస్ట్రాయర్ నౌక ఖైబర్ మునిగినది. వీర్ క్షిపణితో ముహాఫిజ్ అను మైన్ స్వీపర్ మునిగినది. నిపాత్ ప్రయోగించిన క్షిపణులలో ఒకటి కియామరీ చమురు ట్యాంకులను తాకినది. మన పడవలు ఒక్క ప్రాణనష్టమైనను లేక మరలి వచ్చినవి. నాలుగు దినములకు, 8వ తేదీ రాత్రి, వినాశ్ అను మరియొక పడవ రెండవ దాడి చేసినది. ప్రతి సంవత్సరము డిసెంబరు 4న జరుగు నౌకాదళ దినోత్సవము ఆ రాత్రికి స్మారకమే.

ఆ పడవ పొడవు సుమారు 38 మీటర్లు. బరువు దాదాపు 210 టన్నులు. దానిలో మూడు డీజిల్ ఇంజన్లు ఉండెను. ఒక్కొక్క ఇంజనుకు 42 సిలిండర్లు, 4,000 అశ్వశక్తి. తాడేపల్లిగూడెపు బియ్యపు మిల్లులో ఒక్క ఇంజను చప్పుడు విన్నవారు, అట్టి వేయి చప్పుళ్లు ఒక చిన్న గదిలో చేరినట్లు ఊహించుకొనవచ్చును. ఇంత శక్తి యెందులకు? దీనికి సమాధానము కొల్లేటిలో వెదకుదము.

తాటిమ్రానును తొలిచి చేసిన కొల్లేటి దోనె మూరెడు నీటిలోనైనను తేలును. గెడతో నెట్టినచో హాయిగా సాగును. కాని ఇద్దరు బలశాలులు కలిసి నెట్టినను ఒక హద్దు దాటి దాని వేగము పెరుగదు. కదలుచున్న ప్రతి పడవయు తన ముక్కు దగ్గర ఒక అలను లేపును. వేగము పెరిగిన కొలది ఆ అల పొడవు కూడ పెరుగును. అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు, పడవ తాను లేపిన అల గట్టును తానే ఎక్కవలసి వచ్చును. 48 మీటర్ల ఓడకు ఈ గట్టు సుమారు 16, 17 నాట్ల వేగము దగ్గర ఎదురగును. ఒక నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. మామూలుగానే వేగము రెట్టింపు కావలెనన్న ఇంజను శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావలెను. ఈ గట్టు దగ్గర అదియును చాలదు.

ఈ గట్టును దాటుటకు శిల్పులు మూడు ఉపాయములు పన్నిరి. మొదటిది ఓడను సన్నగా, పొడవుగా కట్టుట. రెండవది బరువు తగ్గించుట. అందులకై పై గదులను తేలికైన అల్యూమినియముతో నిర్మింతురు. మూడవది ఓడ వెనుక భాగపు అడుగును చదునుగా తీర్చుట. వేగము హెచ్చినప్పుడు నీరే ఆ చదునైన అడుగును క్రింది నుండి పైకెత్తును. చెరువు మీద పిల్లలు విసరిన పెంకు ఎగురుచు పోవునట్లు ఓడ కొంత బరువును నీటి ఉపరితలము మీద మోపి పరుగిడును.

కాని సముద్రము ఏ వరమును ఉచితముగా ఈయదు. చదునైన అడుగు నిశ్చలజలములో మేలు చేసి, అలల మీద దెబ్బ తీయును. ఓడ అల మీద నుండి పడిన ప్రతిసారియు రాతినేల మీద బండి దూకినట్లుండును. నావికుల నడుములు, మోకాళ్లు ఆ కుదుపును భరింపవలెను. అందుచేత ముందు భాగము నీటిని చీల్చుటకు వాడిగా, వెనుక భాగము తేలుటకు చదునుగా ఉండునట్లు రాజీ పడుదురు. అల్యూమినియము సంగతియు ఇట్టిదే. అది తేలిక, కాని నిప్పు తగిలినచో ఉక్కు కంటె త్వరగా మెత్తబడును. అందుచేత అగ్నినివారణ సాధనములకు కొంత బరువు తిరిగి చెల్లింపక తప్పదు.

ఇట్టి రాజీలను సముద్రములో పరీక్షించుట ప్రాణములతో చెలగాటము. ఆ పరీక్షలు విశాఖపట్టణములో జరుగుచున్నవి. 1969లో అచ్చట నెలకొల్పబడిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు గల ఒక నీటితొట్టి కలదు. ఓడ నమూనాను నీటిలో ఉంచి, పై నుండి ఒక బండికి తగిలించి లాగుదురు. నీరు ఎంత ఎదురుబలము చూపెనో కొలుతురు. పందొమ్మిదవ శతాబ్దములో విలియం ఫ్రూడ్ అను ఇంగ్లీషు ఇంజనీరు కనుగొన్న సూత్రము ఈ పరీక్షకు ఆధారము. నమూనా ఓడలో పదునారవ వంతు పొడవున్నచో, దానిని ఓడ వేగములో నాలుగవ వంతు వేగముతో లాగవలెను. అప్పుడు చిన్న నమూనా లేపిన అలలు పెద్ద ఓడ లేపు అలల వలెనే ఉండును. 48 మీటర్ల ఓడ 30 నాట్లతో ఎట్లు పోవునో 3 మీటర్ల బొమ్మ ఏడున్నర నాట్లతో పోయి చెప్పగలదు.

ఇక విశాఖలోనే 2016 అక్టోబరు 19వ తేదీన నౌకాదళములో ప్రవేశించిన తిహాయు అను నౌకను చూతము. దానిని కలకత్తాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణశాల వారు కట్టిరి. నికోబారు ద్వీపములలో ఒకదాని పేరు దానికి పెట్టిరి. పొడవు 48 మీటర్లు, బరువు సుమారు 320 టన్నులు, వేగము 30 నాట్లకు పైగా, అనగా గంటకు 55 కిలోమీటర్లు. మూడు ఇంజన్ల మొత్తము శక్తి 8,160 కిలోవాట్లు, దాదాపు 11,000 అశ్వశక్తి. దీనికి ప్రొపెల్లరు లేదు. దానికి బదులు మూడు వాటర్ జెట్లు, అనగా జలధారా యంత్రములు, కలవు.

కొల్లేటిలో మోటారు పడవ నడిపినవారికి గుర్రపుడెక్క ఎంత శత్రువో తెలియును. తీగలు ప్రొపెల్లరు రెక్కలకు చుట్టుకొనగనే ఇంజను మూలుగును, పడవ నిలిచిపోవును. నీరు తక్కువగా ఉన్నచోట రెక్క నేలను తాకి విరుగును. జలధారా యంత్రములో రెక్కలు బయటికి కనిపింపవు. ఓడ అడుగున ఉన్న రంధ్రము గుండ పంపు నీటిని లోనికి లాగి, వెనుకనున్న గొట్టము నుండి మహావేగముతో చిమ్మును. పొలములో నీటి పంపు గొట్టమును చేతితో పట్టుకొన్నవాడు తనను వెనుకకు నెట్టు బలమును ఎరుగును. ఆ బలమే ఓడను ముందుకు త్రోయును. ధారను ప్రక్కకు త్రిప్పినచో ఓడ తిరుగును; వేరుగా చుక్కాని అక్కరలేదు. ధారకు అడ్డుగా మూతవంటి పలకను దించినచో ధార ముందుకు మళ్లి ఓడ వెనుకకు నడచును. అందుచేత ఇట్టి ఓడ తీరమునకు దగ్గరగా, లోతు తక్కువైన నీటిలో కూడ వేగముగా పోగలదు. ఇందులోను ఒక మెలిక కలదు. మెల్లగా పోవునప్పుడు ప్రొపెల్లరు కంటె ఈ యంత్రము ఇంధనమును ఎక్కువ వృథా చేయును. పైగా చెత్త లోనికి పోయినచో ఇదియు మొరాయించును.

తిహాయు మీద 30 మిల్లీమీటర్ల ఫిరంగి అమర్చిరి. అది మెదక్ ఆయుధ కర్మాగారములో, అనగా మన తెలుగువారి నేలమీద, తయారైనది. దానికి తోడుగా పగలును రేయియు చూడగల దృష్టియంత్రము ఒకటి కలదు. ఓడ ఎంత ఊగినను ఆ యంత్రము తన చూపును గురి మీద నిలుపును. ఈ నౌక పెద్ద నౌకలను ముంచుటకు పుట్టినది కాదు. తీరమును కాచుట, అనుమానము కలిగించు పడవలను తరిమి పట్టుట దీని పని. 2008 నవంబరు 26న బొంబాయి మీద దాడి చేసినవారు ఒక చేపల పడవలో సముద్రము దాటి వచ్చిరి. అట్టి పడవను వెంబడించుటకు పెద్ద యుద్ధనౌక తగదు. పాలేటిలో మట్టగిడస కొరకు ఏనుగును దింపినట్లుండును.

ఇక ఆ తల్లి అడిగిన అసలు ప్రశ్నకు వత్తును. చిన్న ఓడ భద్రమేనా?

చరిత్ర రెండు సమాధానములు చెప్పుచున్నది. 1973 అక్టోబరులో లటాకియా రేవు చెంత సిరియా పడవలతో ఇజ్రాయెల్ పడవలు తలపడినవి. సిరియా క్షిపణులు ఎక్కువ దూరము పోగలవు. అయినను ఇజ్రాయెల్ వారు లోహపు పూత గల సన్నని పోగులను గాలిలో వెదజల్లి, రేడియో తరంగములతో క్షిపణుల కన్ను గప్పిరి. క్షిపణులు మాయఓడలను వెదకుచు సముద్రములో పడినవి. సిరియా ఐదు నౌకలను కోల్పోయెను. ఇజ్రాయెల్ ఒక్కటియు కోల్పోలేదు. అక్కడ చిన్న ఓడను కాపాడినది మందమైన ఉక్కు కవచము గాక, తెలివైన విద్యుత్ పరికరము. రెండవ సమాధానము చేదైనది. 1991 గల్ఫ్ యుద్ధములో బుబియాన్ దగ్గర ఇరాకు వేగనౌకలు ఆకాశరక్షణ లేక బయలుదేరినవి. బ్రిటిషు హెలికాప్టర్లు దూరము నుండి క్షిపణులు వేసి వానిని చీల్చివేసినవి. నౌకల వేగము వానిని రక్షింపలేదు; హెలికాప్టరు కంటె వేగముగా పోగల ఓడ లేదు కదా.

కరాచీకి పోయిన పడవలకు తోడుగా పెద్ద నౌకలు ఎందుకు పోయినవో ఇప్పుడు తెలియుచున్నది. వాని రాడార్లు చిన్న పడవలకు దూరపు చూపు నిచ్చినవి. చీకటి వానికి ఆకాశరక్షణ అయినది. చిన్న ఓడ తనకు తగిన నీటిలో, తగిన వేళలో, తగిన తోడుతో పనిచేసినంత కాలము దానికి చిన్నతనమే రక్ష. ఆ మూడింటిలో ఒకటి తప్పినప్పుడు ఎంత వేగమైనను చాలదు.

అమ్మా, మీ కుమారునకు ఏ ఆపదయు రాదని చెప్పు అధికారము నాకు లేదు. సముద్రము మీద ఆ మాట ఎవ్వరును చెప్పలేరు. కాని ఓడ చిన్నదైనందున మీరు బెంగపడనక్కరలేదు. ఈసారి అతడు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు, "మీ ఓడ ఎంత వేగంగా పోతుంది?" అని అడుగకుడు. ఆ సంగతి అతడు అడుగకుండనే చెప్పును. "ఎలాంటి సముద్రం చూసి మీ కెప్టెనుగారు ఓడను వెనక్కి తిప్పుతారు?" అని అడుగుడు. దానికి అతడు తడువుకొనక సమాధానము చెప్పెనా, ఆ ఓడను నడుపువారికి దాని హద్దులు తెలియునని నిశ్చింతగా నిద్రింపుడు. కొల్లేటి మీద కారుమబ్బు చూచి దోనెను గట్టుకు త్రిప్పువాని తెలివియు ఇదియే కదా.