వైద్యధర్మము - రోగిరక్షణము



ప్రామిసరీ నోటుపై వేలిముద్ర వేయుటకు ముందు మన రైతు దానిని చదివించుకొనును. అసలెంత, వడ్డీయెంత, వాయిదా యెప్పుడని ప్రశ్నించును. అక్షరములు రానివాడును ఈ జాగ్రత్తను విడువడు. కాని ఆ రైతే ఆసుపత్రికి బోయినపుడు, తన దేహమును శస్త్రమునకు అప్పగించు పత్రముపై ఒక్క ప్రశ్నయైనను వేయక వ్రేలు నద్దుచున్నాడు. పదివేల రూపాయల బాకీకి గల విచారణ ప్రాణమునకు లేకుండుట విపరీతము గదా!

అనంతపురపు మెట్టసీమలో ఈ విషయము మఱింత బరువైనది. సాలుకు సుమారు 55 సెంటీమీటర్ల వానతో, అదియును అదనుకు రాక, వేరుసెనగను నమ్ముకొని బ్రదుకు సీమ యిది. ఇచట ఒక్క జబ్బు రెండు పంటల అప్పును తెచ్చును. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ఆరంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. పేదకు పెద్ద ఆసుపత్రి తలుపు దాని మూలమున తెఱచుకొన్నది. అయినను తలుపు తెఱచుకొన్నంతమాత్రమున చాలదు. లోపల జరుగు చికిత్స ధర్మబద్ధముగా నుండవలెను.

చరకసంహిత సూత్రస్థానమందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వైద్యునకు శాస్త్రజ్ఞానము, పలుమాఱులు చూచి చేసిన యనుభవము, దక్షత, శుచిత్వము కావలెను. రోగికి జ్ఞాపకము, చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యము, తన బాధను దాచక చెప్పగలుగుట కావలెను. అనగా రోగి మూటవలె పడియుండువాడు కాడు; చికిత్సలో అతడును భాగస్వామియే. విమానస్థానమందు శిష్యునకు గురువు చేయు ఉపదేశము కలదు. తన ప్రాణము కొఱకైనను రోగికి ద్రోహము తలపరాదనియు, రోగి యింటి గుట్టు బయట పెట్టరాదనియు దాని తాత్పర్యము. అందే రాజునకు గిట్టనివారికి వైద్యము చేయరాదను మాటయు నున్నది. అది నేటి ధర్మమునకు సరిపడదు. ప్రాచీనమగుటచేతనే సర్వమును గ్రాహ్యము గాదు. మనుష్యునకు మేలైనదే గ్రాహ్యము.

ఈ ధర్మము తప్పినయెడల నేమగునో తెలుపు వ్యాజ్యమొకటి మన తెలుగునేలపైననే పుట్టినది. 1990లో జ్వరముతో బాధపడుచున్న ఇంజనీరింగు విద్యార్థి యొకడు హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చెను. అతని ఱొమ్ములో కణితి యున్నట్లును, ప్రక్క యెముకలును వెన్నుపూసయు అరిగినట్లును కనబడెను. పరీక్షార్థమైన శస్త్రచికిత్సకు మాత్రమే అనుమతి పొంది, కణితినే తొలగించిరి. వెన్నెముక చెడియున్నదని తెలిసియు నరముల శస్త్రవైద్యుని తోడు తీసికొనరైరి. ఆ యువకునకు నడుము క్రింది భాగము చచ్చుపడెను. అతడు చక్రముల కుర్చీలో కూర్చుండి, సుప్రీంకోర్టులో తన పక్షమున తానే వాదించుకొనెను. 2009 మే 14న న్యాయస్థానము అతనికి కోటి రూపాయల పరిహారము విధించెను. పదునెనిమిదేండ్లకు పైబడిన పోరాటమునకు అది ఫలము. కాని కోటి రూపాయలు కాళ్లకు ప్రాణము పోయవు. లోపమెచ్చట? రోగిని పూర్తిగా అడుగకుండుటయందును, తోడి నిపుణుని పిలువకుండుటయందును.

అడుగుట, సరిచూచుకొనుట అల్పకార్యములుగా దోచును. వాని విలువ చూడుడు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు 19 అంశముల పట్టికను ప్రకటించెను. మత్తిచ్చుటకు ముందు, కోతకు ముందు, రోగిని గదినుండి కదల్చుటకు ముందు ఆగి, పేరేమి, కోయవలసిన దేచోటు, దూదిగుడ్డలు సూదులు లెక్కకు సరిపోయినవా అని పైకి చదివి సరిచూచుకొనవలెను. ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని పాటించి చూడగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవి. దినచిట్టా కూడి చూచుకొనిన దుకాణములో దొంగలెక్క నిలువనట్లే, సరిచూచుకొను ఆసుపత్రిలో పొరపాటు నిలువదు.

చట్టము రోగికిచ్చిన ఆధారములు కొన్ని కలవు. 2002 నాటి వైద్యవృత్తి నియమముల ననుసరించి, ఆసుపత్రిలో చేరిన రోగి కాగితములను 3 సంవత్సరములు భద్రపఱుపవలెను. కోరిన 72 గంటలలో నకలు ఇయ్యవలెను. రోగిని మఱియొక చోటికి పంపినందులకు కమీషను పుచ్చుకొనరాదు. రుసుము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఐనను న్యాయము రెండువైపుల నుండవలెను. రోగము నయము కాకపోయినంత మాత్రమున వైద్యుడు నేరస్థుడు కాడని ఆ న్యాయస్థానమే 2005లో స్పష్టపఱచెను. రాత్రివేళ వచ్చి శ్రమించిన వైద్యునిపై చేయి చేసికొనుట అధర్మము. దెబ్బలకు భయపడిన వైద్యుడు మఱునాడు కష్టమైన రోగిని ముట్టుకొనడు. ఆ నష్టము పల్లెకే.

మన దోషములను గూడ పద్దు వ్రాసికొనవలెను. చిన్న జ్వరమునకే సూది వేయుమని పట్టుబట్టువారము మనమే. ఒకరికి వాడిన సూది వేఱొకరికి వాడినచో పచ్చకామెర్లు, ఎయిడ్సు వంటి వ్యాధులు సంక్రమింపగలవు. క్రొత్త పొట్లము కన్నులయెదుట విప్పుమని యడుగుట అమర్యాద గాదు. మందు సీసాపై గడువు తేదీ చూచుటయు, వైద్యుడు చెప్పిన దినముల వఱకు మందు మానకుండుటయు రోగి ధర్మములే.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా అక్షరమును పంచిపెట్టినది. ఇకమీదట ప్రతి కుటుంబమునకును ఒక ఆరోగ్యపుస్తకము తెఱచి, జబ్బులు, మందులు, పడని మందులు, ఆపరేషనులు తేదీలతో వ్రాసికొనుటకు సాయపడుగాక. చదువనేర్చిన యువకులు ఆసుపత్రికి పోవువారి వెంట నడచి, పత్రమును చదివి వినిపింతురుగాక. ఏమి చేయుదురు? ఎందుకు? ప్రమాదమేమి? వేఱు మార్గము కలదా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు విన్న పిదప వేయు వేలిముద్రయే నిజమైన సమ్మతి. వినయముతో అడుగు రోగియు, ఓర్పుతో బదులు చెప్పు వైద్యుడును గల గ్రామమునకు శుభమగుగాక!