లీవ్ కావాలా, లీవ్ అయితరా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్కటే వెర్బ్ మీద: లీవ్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌కు పోయినోళ్లు లేని వాడ దొరకదు. వీడియో వాళ్లకు కూడా ఫార్వర్డ్ చేయండి.

లీవ్ అనంగనే మనకు సెలవు యాదికొస్తది. అది నౌన్. వెర్బ్ అయితే అర్థం వెళ్లిపోవడం, వదిలిపెట్టడం. మేనేజర్‌తో 'ఐ వాంట్ లీవ్' అంటే సెలవు అడిగినట్టు. మధ్యల చిన్న 'టు' పడి 'ఐ వాంట్ టు లీవ్' అయిందనుకోండి, 'నేను వెళ్లిపోతా' అని అర్థం. ఎదుటి మనిషి మీరు పనే మానేస్తున్నరు అనుకోవచ్చు. సౌదీలో ఈ రెండింటికి వీసా కాయితాలే వేరు. సెలవుకు వచ్చి మళ్లీ పోయేటోళ్లకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ, మొత్తానికే వచ్చేసేటోళ్లకు ఫైనల్ ఎగ్జిట్. అందుకే సంతకం పెట్టే ముందు కాయితం మీద ఏ మాట ఉందో చూసుకోండి. అరబీ రాకుంటే తెలిసినోళ్లతో చదివించుకోండి.

ఇంకో చిన్న మాట 'ఫర్'. 'హీ లెఫ్ట్ దుబాయ్' అంటే దుబాయ్ నుంచి వెళ్లిపోయిండు. 'హీ లెఫ్ట్ ఫర్ దుబాయ్' అంటే దుబాయ్‌కి బయలుదేరిండు. మనిషి పోయే దిక్కే మారిపాయె!

వదిలి వచ్చిన వస్తువుకు కూడా ఇదే వెర్బ్. 'ఐ లెఫ్ట్ మై పాస్‌పోర్ట్ ఇన్ ద రూమ్': పాస్‌పోర్ట్ రూంలనే ఉండిపోయింది. సిరిసిల్లోళ్లకైతే, సాంచా నడుస్తుండగనే వదిలేసి చాయ్‌కి పోతే 'ఐ లెఫ్ట్ ద లూమ్ రన్నింగ్'. పలికేటప్పుడు 'లీ' సాగదీయాలె. పొట్టిగ 'లివ్' అంటే ఉండడం, బతకడం. 'ఐ లివ్ హియర్', 'ఐ లీవ్ హియర్' ఒక్కటి కావు.

అన్నట్టు, కంపెనీ వదిలి కాయితాలు లేకుండ బయట పనిచేసేటోళ్లను మనోళ్లు 'కల్లివెల్లి' అంటరు కదా? అది అరబీ మాట. అందులో 'ఖల్లీ' అంటే 'వదిలెయ్', అంటే దాదాపు మన లీవే. అక్కడ 'పోనీలే' అనేటందుకు వాడే మాట, మన దగ్గరికొచ్చి మనిషికే పేరైంది.

సౌదీ లేబర్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 21 రోజులు జీతంతో సెలవు, ఒకే యజమాని దగ్గర వరుసగా 5 ఏళ్లు చేస్తే 30. అడిగేటప్పుడు నోటితో కాదు, వాట్సాప్‌ల ఇట్లా రాయండి: 'ఐ వాంట్ టు టేక్ మై యాన్యువల్ లీవ్ ఫ్రమ్ 10 మే టు 30 మే. ఐ విల్ కమ్ బ్యాక్ టు వర్క్ ఆన్ 31 మే.' ఆ రెండో వాక్యం మాత్రం ఎగ్గొట్టకండి. తిరిగొస్త అని చెప్పేది అదే.