పత్రములో చిత్రము

కంప్యూటరుపై వ్రాసిన పత్రములో ఒక బొమ్మను చేర్చుట స్వల్పకార్యమే. నూరు పత్రములలో చేర్చవలసివచ్చినపుడు ఆ పనిని ఒక సాధనమునకు అప్పగింతురు. ‘పైథాన్-డాక్స్’ అట్టి సాధనము. దీనికి వాడుక వివరణ ఎట్లుండవలెనో నేడు మేము మనవి చేయదలచితిమి.

బొమ్మను చేర్చు ఆజ్ఞకు మూడు విషయములు తెలుపవచ్చును: బొమ్మ ఫైలు, వెడల్పు, ఎత్తు. వెడల్పు మాత్రమే తెలిపినచో నిష్పత్తి చెడకుండ ఎత్తును సాధనమే నిర్ణయించును. రెండును విడిచినచో, ఫైలులో సాంద్రత తెలుపని బొమ్మను అంగుళమునకు 72 చుక్కలుగా లెక్కించును. 1440 చుక్కల ఛాయాచిత్రము అపుడు 20 అంగుళములై పుట దాటిపోవును. కావున వెడల్పు తెలుపుట మేలని వివరణ హెచ్చరింపవలెను.

మూలచిత్రమును తొలగించినచో పత్రములోనిది మాయమగునా? కాదు. డాక్స్ పత్రము నిజమునకు ఒక జిప్ మూట. అందలి ‘మీడియా’ ఫోల్డరులో బొమ్మ ప్రతి యొకటి చేరును. పుటపై బొమ్మను చిన్నదిగా చూపినను, ఆ ప్రతి బరువు తగ్గదు.

ఇక మిక్కిలి ముఖ్యమైనది. చూపులేనివారికి స్క్రీన్ రీడరు చదివి వినిపించు వర్ణనకు పత్రములో చోటు కలదు. ఈ ఆజ్ఞ దానిని నింపదు. వర్ణనను వేరుగా వ్రాసి చేర్చవలెను. ఆ సంగతి వివరణలో లేనిచో, నూరు పత్రములలోని నూరు బొమ్మలును వారికి మూగవే యగును. మాటలతోనే సమస్తమును చూపవలసిన రేడియోవారము గనుక, ఆ ఒక్క వాక్యము విలువ మేమెరుగుదుము. వివరణ వ్రాయువారు దానిని మరువకుందురుగాక.