జ్వరమునకు మూలిక – మూలికకు పరీక్ష
(మౌలాలిలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ మౌలాలి గుట్టకు పడమరగా బేగంపేటలో ఒక పాత భవనమున్నది. 1897 ఆగష్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఇచ్చటనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. దోమకును ఈ జ్వరమునకును గల సంబంధము అట్లు బయటపడెను.

మందు మాత్రము అంతకు ముందే ఒక చెట్టు బెరడులో దొరికినది. దక్షిణ అమెరికాకు చెందిన సింకోనా బెరడు నుండి 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్వినైనును వేరుచేసిరి. పిమ్మట ఆ చెట్టును మన నీలగిరులలోను పెంచిరి.

రెండవ మందు చరిత్ర మరింత విచిత్రమైనది. చైనాలో టు యుయు అను శాస్త్రజ్ఞురాలు పాత వైద్య గ్రంథములు వెదకుచుండగా, పదహారు వందల ఏండ్ల క్రిందటి గ్రంథమొకటి కంటబడెను. జ్వరమునకు ఆర్టిమీసియా జాతి మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసమును త్రాగవలెనని అందున్నది. మరిగించుమని లేదు. వేడి వలన గుణము చెడుచున్నదని ఊహించి, ఆమె ఈథరుతో తక్కువ వేడిలో సారము తీసెను. 1972లో ఆర్టిమిసినిన్ లభించెను. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చెను. మూలిక యనగానే మనవారు కుండను పొయ్యి మీదికెక్కింతురు. ఇచ్చట మందును చెరచినది ఆ పొయ్యియే!

లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ ఈ మొక్కలో మన దేశపు సాగుకు అనువైన రకములను రూపొందించినది. ఆ సంస్థ కేంద్రమొకటి మనకు చేరువనే, బోడుప్పలులో నున్నది.

గ్రామములు తిరుగునపుడు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి గలదు: "అట్లయిన మా నేలవేము, తిప్పతీగ చాలవా?" ఆ మూలికలను మేము తేలికగా చూచుట లేదు. కాని ఒక గుప్పెడు ఆకులో మందెంత యున్నదో ఎవరు చెప్పగలరు? నేలను బట్టి, ఋతువును బట్టి అది మారును. మోతాదు చాలనిచో జ్వరము తగ్గినట్లు కనిపించియు, మిగిలిన క్రిములు మందునకు లొంగని వగును. అందుచేతనే ఆర్టిమీసియా ఆకు కషాయమును ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయుట లేదు. ఆర్టిమిసినిన్ జాతి మాత్రలను ఒంటిగా వాడుటను మన ప్రభుత్వము 2009లో నిషేధించినది. వేరొక మందుతో కలిపియే ఇత్తురు.

మలేరియాలో ఫాల్సిపారమ్ అను రకము ప్రమాదకరమైనది. తగిన మందు పడనిచో 24 గంటలలోనే ప్రాణము మీదికి రావచ్చును. వైవాక్స్ రకములో క్రిమి కాలేయములో దాగి, కొన్ని నెలలకు మరల లేచును. అందుకై 14 దినములు ప్రిమాక్విన్ ఇత్తురు. గర్భిణులకు, పసిపిల్లలకు ఆ మాత్ర ఈయరాదు. ఏ రకమో రక్తపు చుక్క చెప్పవలసినదే గాని, నాడి చెప్పజాలదు.

నులిపురుగులకు మోదుగ గింజలు, వాయువిడంగములు వాడుట మన పెద్దలెరుగుదురు. నేడు బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్ర ఉచితముగా లభించుచున్నది.

నాటు వైద్యుని దూషించిన ప్రయోజనము లేదు. ఊరికి ఆయనపై నమ్మకమున్నది. జ్వరముతో వచ్చిన ప్రతివానిని ఆ దినముననే రక్తపరీక్షకు పంపునట్లు ఆయనను ఒప్పించుట మీ వలన అగును, మా వలన కాదు. మీ ఆశా కార్యకర్త వద్ద పరీక్షా పట్టీలు, మాత్రలు ఉన్నవో లేవో రేపే విచారింపుడు. లేనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వ్రాతమూలకముగా తెలుపుడు.