మనస్తత్త్వజ్ఞుని గురుశుశ్రూష



తగవు తీర్చు పెద్దకు తీర్పు చెప్పుటకంటె వినుట కష్టమని మీరెఱుగుదురు. ఎదుటివాడు ముగింపకమునుపే మన నాలుకపై మాట సిద్ధమగును. మనోవ్యథతో వచ్చినవాని మాట వినుటయే వృత్తిగా గైకొను మనస్తత్త్వజ్ఞులకును ఈ తొందర తప్పదు. గ్రంథములు చదివి పట్టము పొందినంతమాత్రమున నిది పోవునది కాదు. అనుభవజ్ఞుడగు గురువు కనుసన్నల మెలగుచు పని నేర్వవలయును.

1920వ సంవత్సరమున బెర్లిను నగరమందు మాక్సు ఐటింగను మొదలగువారు నెలకొల్పిన చికిత్సాలయమున, శిక్షణార్థి తాను జరుపు చికిత్సను పెద్దలకు విన్నవించి సలహా గొను ఆచారము స్థిరపడెను. ఆచారము మంచిదే. కాని విన్నవించువాడు జ్ఞాపకమునుండియే కదా చెప్పవలయును! తాను తొందరపడి యడ్డుపలికిన మాట యతనికి జ్ఞప్తికి రాదు. దాచుట కాదు, నిజముగనే మఱచును.

ఈ చిక్కును విప్పినది గ్రామఫోను పలక. 1940 తరువాత అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున కార్ల్ రోజర్సు పండితుడు చికిత్సా సంభాషణములను పలకల కెక్కించి శిష్యులతో గూడి వినసాగెను. పలక మూడు నిమిషములకే నిండుచుండెను. మాట నడుచుచుండగనే వేఱొకటి మార్చవలసి యుండెను. ఎంత శ్రమ! అయినను ఫలము గొప్పది. వచ్చినవానిని (వారిని రోగులనుట రోజర్సునకు సమ్మతము కాదు) స్వేచ్ఛగా మాటలాడనిచ్చితిమని నమ్మియున్న శిష్యులు, తామే ప్రశ్నలతో అతనిని తమకు నచ్చిన త్రోవకు త్రిప్పుచుండుట చెవులార వినిరి. ఎనిమిది సంభాషణములు గల యొకని కథను, పేరు మార్చి, రోజర్సు 1942లో తన గ్రంథమున పూర్తిగా ముద్రించెను.

శిష్యుడు మొదట గురువును అనుకరించును. కంఠస్వరము, తల యూచుట సైతము. బాల్యదశ గనుక నింద్యము కాదు. కాని యచ్చటనే నిలిచిపోయినచో, ఎదుటివాని కడపటి మాటను చిలుకవలె మరల వానికే యప్పగించుట వృత్తియని భ్రమించును. రోజర్సు బోధయే యిట్లు వికృతిజెందగా, ఆయన దిగ్భ్రాంతుడై కొన్నియేండ్లు ఆ విషయమున దాదాపు మౌనము వహించినట్లు 1975లో వ్రాసెను.

కావున మంచి గురువు "నీవిట్లు చెప్పవలసినది" అని తొందరపడడు. "అచ్చట మాట యేల మార్చితివి?" అని యడుగును. తండ్రిని గోల్పోయిన శిష్యుడు ఒకని పితృశోకము వినలేక మాట మార్చియుండవచ్చును. కారణము తెలిసినపిమ్మట, పలక లేకయే, సంభాషణము నడుచుచుండగనే తన తొందరను తానే కనిపెట్ట నేర్చును. నాటినుండి గురువు చెంతకు "ఇది సరియేనా?" యని కాక, "ఇచ్చట నేనిట్లు చేసితిని, కారణమిది" యని చెప్పుచు వచ్చును.