విద్యుత్ కారు కొనుటకు ముందు
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



విద్యుత్ కారు మన బెంగుళూరునకు క్రొత్త కాదు. 2001లోనే రేవా అను చిన్న కారు ఈ నగరమున తయారై వీధుల కెక్కినది. నేడు పెద్ద కార్లు వచ్చినవి. మన యిండ్లలోని యువకులు కొందమని పెద్దలను తొందరపెట్టుచున్నారు. వర్తకులమగు మేము కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ప్రకటనలోని దూరము పరీక్షలో తేలిన అంకె. 2020లో వచ్చిన నెక్సాన్ విద్యుత్ కారునకు 312 కిలోమీటర్లని ప్రకటించిరి. వేగము హెచ్చినను, ఏ.సి. వాడినను, మెట్ట లెక్కినను అది తగ్గును. కావున మూడింట రెండు వంతులనే లెక్కలోనికి తీసికొనవలెను.

రాత్రి కారు నిలుచు చోటు అంతకంటె ముఖ్యము. 30 యూనిట్ల బ్యాటరీని ఇంటి 15 ఆంపియర్ల ప్లగ్గుతో నింపుటకు సుమారు 10 గంటలు పట్టును. అద్దె యిండ్లవారు యజమాని అనుమతిని, తగిన తీగను ముందుగానే సమకూర్చుకొనవలెను. లేనిచో బయటి చార్జింగు కేంద్రములకు పోయి, హెచ్చు ధర నిచ్చి వేచియుండవలెను.

విద్యుత్ కారు వెల యెక్కువ. నడుపుటకు ఖర్చు తక్కువ. దినమునకు 50 కిలోమీటర్లు తిరుగువారికి ఆ యెక్కువ క్రమముగా తిరిగివచ్చును. ఐదారు కిలోమీటర్లు తిరుగువారికి వచ్చుట కష్టము. ఏడాది కొకసారి చేయు తిరుపతి యాత్రకై పెద్ద బ్యాటరీకి లక్షలు పోయనేల? దానికి రైలున్నది. అంగడి సరుకునకు ఉంచిన మూలధనమును కారులో పెట్టినవాడు పండుగ బేరమునాడు వడ్డీకి అప్పు తేవలసివచ్చును.

కొనదలచినవారు ఒక నెల తాము తిరిగిన దూరమును చిట్టాలో వ్రాసికొని సంఘ కార్యాలయమునకు రండు. కలసి కూర్చుండి లెక్క చూతము.