బోర్డు చదివి లోపలికి పోదాం

అక్కలారా! మా చిన్నాయనకు గుండెనొప్పి వచ్చింది. ఊరి డాక్టరు చీటీ రాసి టౌనుకు పంపిండు. అక్కడ ముందు 20 వేలు కట్టమన్నరు. చిన్నమ్మ పుస్తెలతాడు కుదువబెట్టింది. ఆ గోడ మీదనే ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది. ఆమెకు చదువు రాదు. ఎవరూ చెప్పలేదు.

ఈ పథకం 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా వైద్యం చేస్తారు. మామూలు జలుబుకు మన ఊరి డాక్టరు దగ్గర ఇది నడవదు. ఆయనతో కొట్లాడకండి! పెద్ద జబ్బులకే, పథకంలో చేరిన ఆసుపత్రిలోనే. లోపలికి పోగానే ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్‌కార్డు చూపండి. పైసలు అడిగితే 104కు ఫోన్ చేయండి.

ఇప్పుడు నల్లబల్ల మీద రాస్తున్నా. కూడబలుక్కుని చదవండి: ఆ... రో... గ్య... శ్రీ.